పక్క బెంచీ ఖాళీ అయినప్పుడు



బడిలో చదివే పిల్లల్లో ఒకరు జబ్బు చేసో, రోడ్డు ప్రమాదంలోనో, చెరువులో మునిగో చనిపోయారన్న వార్త ఎప్పుడో ఒకసారి ఏ ఊరికైనా వస్తుంది. జనగామ అయినా, మహబూబాబాద్ అయినా, భూపాలపల్లి అయినా ఆ రోజు చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. పిల్లల ముందు ఆ మాట ఎత్తరు. "చిన్నపిల్లలు, భయపడతారు" అనుకుంటారు. పెద్దవాళ్ల మౌనం చూసి పిల్లలు కూడా నోరు మెదపరు. కానీ మర్నాడు బడికి వెళ్లేది వాళ్లే. అటెండెన్స్ పిలుస్తూ ఆ పేరు దగ్గర టీచర్ గొంతు ఆగిపోతే వినేది వాళ్లే. పక్కన ఖాళీగా ఉన్న చోటును రోజంతా చూసేది వాళ్లే.

ఇంట్లో పెద్దవాళ్లు పోతే తలుచుకోవడానికి మనకు పద్ధతులు ఉన్నాయి. దినాలు చేస్తాం, సంవత్సరీకం పెడతాం. పెత్రమాస నాడు పొద్దున పోయినవాళ్ల పేరు మీద బియ్యం ఇస్తాం, అదే రోజు సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడతాం. ముస్లిం కుటుంబాలు షబ్-ఎ-బరాత్‌కు, క్రైస్తవ కుటుంబాలు సమాధుల పండుగకు తమవాళ్ల సమాధుల దగ్గరికి వెళ్తాయి. 1946 జూలై 4న అమరుడైన కడవెండి దొడ్డి కొమరయ్యను జనగామ ప్రాంతం ఈనాటికీ తలుచుకుంటూనే ఉంది. దుఃఖానికి ఒక రోజు, ఒక చోటు, చేయడానికి ఒక పని ఉండాలని మన పెద్దలకు తెలుసు. దోస్తును పోగొట్టుకున్న పదేళ్ల పిల్లకు మాత్రం ఇవేవీ ఉండవు. ఆమె బంధువు కాదు కాబట్టి ఆ ఇంటికి ఎవరూ తీసుకెళ్లరు, ఏం చేయాలో ఎవరూ చెప్పరు. తలుచుకునే అవకాశం ఆ పిల్లకూ కావాలి. దాన్ని ఇవ్వగలిగేది మీరూ, మేమూ.

వయసును బట్టి అర్థం చేసుకుంటారు

అయిదేళ్లలోపు పిల్లలు చనిపోయినవాళ్లు తిరిగి వస్తారనే అనుకుంటారు. "ఎప్పుడొస్తాడు?" అని మళ్లీ మళ్లీ అడుగుతారు. తొమ్మిది, పదేళ్లు వచ్చేసరికి చావు అందరికీ ఉంటుందనీ, పోయినవాళ్లు తిరిగి రారనీ చాలామందికి అర్థమవుతుంది. హైస్కూల్ పిల్లలకు అన్నీ తెలుసు. అయితే వాళ్లు మీతో కంటే తోటి స్నేహితులతోనే ఎక్కువ మాట్లాడతారు.

చిన్నపిల్లలు కాసేపు ఏడ్చి, వెంటనే ఆటకు పరుగెత్తవచ్చు. దాన్ని చూసి "దీనికి ఏం బాధ లేదు" అనుకోకండి. వాళ్లు బాధను కొంచెం కొంచెంగానే మోయగలరు. నిద్ర పట్టకపోవడం, కడుపునొప్పి అనడం, బడికి పోనని మొండికేయడం, ఊరికే కోపం రావడం కూడా దుఃఖమే కావచ్చు.

ఏ మాట చెప్పాలి?

"నిద్రపోయాడు" అని చెబితే రాత్రి పడుకోవడానికే భయపడే పిల్లలు ఉంటారు. "ఊరికి పోయాడు" అంటే ఎదురుచూస్తారు. "మంచి పిల్లలను దేవుడు తీసుకుపోతాడు" అంటే తమ వంతు ఎప్పుడా అని దిగులు పడతారు. మీ విశ్వాసం ప్రకారం చెప్పాల్సింది చెప్పండి, కానీ ముందు నిజం సూటిగా చెప్పండి: "మీ దోస్తు చనిపోయాడు. వాడి శరీరం పనిచేయడం ఆగిపోయింది. ఇక తిరిగి రాడు. నాకూ చాలా బాధగా ఉంది." మీరు కంటతడి పెట్టినా తప్పు లేదు.

పిల్లలు బయటికి చెప్పని భయం ఇంకొకటి ఉంటుంది. ముందు రోజు గొడవపడి "కటీఫ్" చెప్పిన పిల్లవాడు తన మాట వల్లే అలా జరిగిందని నమ్మవచ్చు. వాడు అడగకపోయినా మీరే చెప్పండి: "నువ్వు అన్నదాని వల్ల, అనుకున్నదాని వల్ల ఇది జరగలేదు."

"ఎందుకు?" అని అడిగితే

2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే క్రాసింగ్ దాటుతున్న స్కూల్ బస్సును నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజర్ రైలు ఢీకొట్టింది. పదిమందికి పైగా పిల్లలు చనిపోయారు. ఇలాంటి వార్త విన్న పిల్లలు అడిగే మొదటి ప్రశ్న "ఎందుకు?" అనే. "రాసిపెట్టి ఉంది" అంటే ఆ ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. "అక్కడ గేటు వేసే మనిషి లేడు, ఉండి ఉండాల్సింది" అన్నది పిల్లలు అర్థం చేసుకోగల జవాబు. 2019 జనవరి నాటికి దేశంలోని బ్రాడ్‌గేజ్ మార్గాల్లో కాపలా లేని క్రాసింగులన్నీ తొలగించినట్టు రైల్వే ప్రకటించింది. ఇదీ చెప్పండి. ప్రమాదానికి కారణం ఉంటుందనీ, దాన్ని సరిదిద్దవచ్చనీ తెలిస్తే పిల్లల భయం కొంత తగ్గుతుంది. అలాంటి రోజున టీవీలో తిరిగి తిరిగి వచ్చే దృశ్యాలకు, వాట్సాప్ ఫోటోలకు మాత్రం వాళ్లను దూరంగా ఉంచండి.

ఆ స్నేహితుడు ఆత్మహత్య చేసుకున్నట్టయితే ఇంకా జాగ్రత్తగా మాట్లాడాలి. ఎలా చేసుకున్నాడన్న వివరాలు వద్దు. "మార్కులు తక్కువ వచ్చాయని" అంటూ ఒక్క కారణానికి కట్టేయకండి. తప్పు పట్టకండి, గొప్ప చేయకండి. "నీకు ఎప్పుడైనా చనిపోవాలని అనిపించిందా?" అని మీ పిల్లలను నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అడిగితేనే మనసులో ఉన్నది బయటికి వస్తుంది. ఔనంటే పిల్లలను ఒంటరిగా వదలకుండా వెంటనే సాయం తీసుకోండి. టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. చైల్డ్ లైన్ నంబరు 1098.

తలుచుకోవడానికి ఒక పని

పిల్లలు వస్తామంటే, ఆ ఇంటివాళ్లకు ఇష్టమైతే, ఒకసారి వెంట తీసుకెళ్లండి. అక్కడ ఏం కనిపిస్తుందో ముందే చెప్పండి. వెళ్లలేకపోతే ఆ అమ్మానాన్నలకు ఉత్తరం రాయించండి. "మీ బాబు నాకు సైకిల్ నేర్పాడు", "టిఫిన్‌లో సగం నాకే పెట్టేవాడు" అన్న చిన్న మాట చాలు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ పేరు ఎత్తితే బాధ కలుగుతుందని చాలామంది మాట్లాడరు. అందరూ మరిచిపోయారన్న బాధ దానికంటే పెద్దది.

ఇంట్లో ఒక నోట్‌బుక్ ఇచ్చి, గుర్తున్నవి రాసుకోమనండి, బొమ్మలు వేసుకోమనండి. పుట్టినరోజు నాడు ఒక మొక్క నాటవచ్చు. బడిలో ఆ చోట ఎవరు కూర్చోవాలన్నది రాత్రికి రాత్రి తేల్చే విషయం కాదు, తోటి పిల్లలను అడిగి చేయాల్సినది. మీ అబ్బాయి గానీ, అమ్మాయి గానీ ఇలా ఎవరినైనా పోగొట్టుకుని ఉంటే క్లాస్ టీచర్‌కు ఒక మాట చెప్పండి. ఆ స్నేహం వేరే బడిలోదైనా, పాత ఊరిదైనా సరే.

నెలలు గడిచాక, అందరూ మామూలైపోయాక, ఏదో ఒక సాయంత్రం మీరే అడగండి: "మీ దోస్తు గుర్తొస్తున్నాడా?" జవాబు రాకపోయినా ఫర్వాలేదు. ఆ పేరు ఇంట్లో ఎత్తవచ్చని పిల్లలకు తెలుస్తుంది.