సత్యభామ వేషంలో ఉన్నదెవరు?

కృష్ణా జిల్లా కూచిపూడిలో ఒకప్పుడు ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టేవారు. వేదాంతం సత్యనారాయణ శర్మ (1935–2012) సత్యభామగా రంగం మీదకి వస్తే, ఆయన మగవాడని పోల్చుకోవడం పెద్దవాళ్లకే కష్టమయ్యేది. మరి మూడేళ్ల పాపకి? వేషం మారితే మనిషే మారిపోయాడనుకుంటుందా?

1969లో రీటా డివ్రీస్ అనే పరిశోధకురాలు దీన్ని పిల్లితో పరీక్షించింది. మేనార్డ్ అనే సాధు పిల్లికి కుక్క ముసుగు తొడిగింది. తొడిగేటప్పుడు తల చాటున ఉన్నా, వెనకభాగం పిల్లలకు కనిపిస్తూనే ఉంది. అయినా మూడేళ్లవాళ్లలో చాలామంది అది కుక్కయిపోయిందన్నారు! ఆరేళ్లవాళ్లు మాత్రం, ముసుగేసినా పిల్లి పిల్లే అన్నారు.

అలాగని చిన్నపిల్లలకి ఏమీ తెలియదనుకోకండి. కొండపల్లి బొమ్మకి ఉత్తుత్తి అన్నం పెట్టే పిల్లకి అది ఆటేనని బాగా తెలుసు. కనిపించేది ఒకటి, ఉన్నది ఇంకొకటి అయినప్పుడు రెండిటినీ ఒకేసారి మనసులో పట్టి ఉంచడమే కష్టం.

ఎదుటివాళ్ల నమ్మకంతోనూ అంతే. చంటి బందరు లడ్డూని నీలం డబ్బాలో దాచి ఆటకి వెళ్లాడు. అమ్మ దాన్ని ఎర్ర డబ్బాలోకి మార్చింది. చంటి వచ్చి ఎక్కడ వెతుకుతాడు? 1983లో విమ్మర్, పెర్నర్ అనే పరిశోధకులు పిల్లల్ని చాక్లెట్‌తో ఇలాంటి ప్రశ్నే అడిగారు. మూడేళ్లవాళ్లు సాధారణంగా ‘ఎర్ర డబ్బాలో’ అంటారు. లడ్డూ అక్కడే ఉంది కదా! నాలుగైదేళ్లు వచ్చాక ‘నీలం’ అంటారు.

నమ్మేలా అబద్ధమాడటం వచ్చేదీ దాదాపు అప్పుడే. అంతకుముందైతే మూతికంటిన నెయ్యి తుడుచుకోకుండానే ‘నేను తినలేదు’ అంటారు.