కెమెరా మాటలు నాలుగు తెలిస్తే...

పాపాయికి అన్నప్రాశన. ఎదురుగా పుస్తకం, కలం, బంగారం, పూలు పెట్టారు. పాపాయి పాక్కుంటూ వెళ్ళి కలం పట్టుకుంది. మీరు సంబరంగా టకటకా ఫోటోలు తీశారు. రాత్రి తీరిగ్గా చూసుకుంటే ఏముంది? పాపాయి చెయ్యి అలుక్కుపోయింది. అమ్మమ్మ ముఖం నల్లగా పడింది. తాతయ్య తెల్ల పంచె పసుపులో ముంచినట్టుంది. మళ్ళీ తీద్దామంటే ఆ ఘడియ తిరిగొస్తుందా?

ఫోనైనా, పెద్ద కెమెరా అయినా అందులోని మాటలు మన పోపులపెట్టెలో దినుసుల్లాంటివే. ఏది ఎప్పుడు ఎంత వెయ్యాలో తెలిస్తే చాలు.

ఎక్స్‌పోజర్: ఫోటోలో పడే మొత్తం వెలుతురు. ఎక్కువైతే బొమ్మ పాలిపోతుంది, తక్కువైతే చీకటిగా వస్తుంది. అమ్మమ్మ కిటికీకి వీపు పెట్టి కూర్చున్నారు కదా, కెమెరా ఆ కిటికీ వెలుగు చూసి మొత్తం తగ్గించేసింది. ఆవిడ్ని కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టండి. కుదరకపోతే ఫోన్ తెర మీద ఆవిడ ముఖం ఉన్నచోట వేలితో తాకండి. చాలా ఫోన్లలో ఫోకస్, వెలుతురు రెండూ అక్కడికి సర్దుకుంటాయి.

షట్టర్ స్పీడ్: వెలుతురు లోపలికి వచ్చే తలుపు ఎంతసేపు తెరిచి ఉంచాలో చెప్పేది. 1/30 అంటే సెకనులో 30వ వంతు. ఆ కాస్తలోనే పాపాయి చెయ్యి కదిలిపోతుంది! పాకే పిల్లలకు 1/250, పరుగెత్తే పిల్లలకు 1/500 పెట్టి చూడండి.

అపర్చర్: లెన్స్ లోపలి రంధ్రం. ఇక్కడే కొంచెం తికమక. అంకె చిన్నదైతే రంధ్రం పెద్దదన్నమాట. ఎఫ్ 2లో ముఖం స్పష్టంగా, వెనక మసగ్గా ఉంటుంది. బంధువులంతా వరుసల్లో నిలబడితే ఎఫ్ 8 మేలు. చాలా ఫోన్లలో ఇది మార్చలేం. వాటిలోని పోర్ట్రెయిట్ మోడ్ వెనక భాగాన్ని తనే లెక్కగట్టి మసకపరుస్తుంది.

ఐఎస్ఓ: ఒకప్పుడు ఫిలిం డబ్బా మీద 100, 400 అని ఉండేది, గుర్తుందా? అదే ఇది. అంకె పెంచితే తక్కువ వెలుతురులోనూ ఫోటో వస్తుంది కానీ, బొమ్మంతా రవ్వ చల్లినట్టు చుక్కలు పడతాయి. అందుకే ముందు గదిలో ఇంకో లైటు వెయ్యండి, చాలకపోతేనే ఐఎస్ఓ పెంచండి.

వైట్ బ్యాలెన్స్: తెలుపును తెల్లగా చూపించేది. పసుపు వెలుగు బల్బు కింద తాతయ్య పంచె రంగు మారింది దీనివల్లే. ఆటోలో సరిగా రాకపోతే బల్బు గుర్తు ఎంచుకోండి.

జూమ్: ఆప్టికల్ జూమ్ లెన్స్‌తోనే దగ్గరికి తెస్తుంది. డిజిటల్ జూమ్ బొమ్మను కత్తిరించి పెద్దది చేస్తుంది, అందుకే మసకబారుతుంది. వీలైతే నాలుగడుగులు ముందుకు వెయ్యండి, ఖర్చులేని జూమ్ అదే!

ఇక వీడియో సంగతి. సెకనుకు ఎన్ని బొమ్మలు పడతాయో చెప్పేది ఫ్రేమ్ రేట్. ఇంటి వేడుకలకు 25 గానీ 30 గానీ చాలు. కెమెరాను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పడం పాన్. హడావిడిగా తిప్పితే చూసేవాళ్ళకు కళ్ళు తిరుగుతాయి. మొదట్లో, చివర్లో మూడేసి సెకన్లు కదలకుండా ఆగండి. ఫోన్‌ను అడ్డంగా పట్టుకుంటే టీవీలో నిండుగా కనిపిస్తుంది.

ఇవన్నీ వేడుక రోజే నేర్చుకుందామనుకోకండి సుమా! ఇవాళే మధ్యాహ్నం వంటింటి కుళాయి సన్నగా తిప్పి, ఫోన్‌లో 'ప్రో' మోడ్ ఉంటే 1/15లో ఒకటి, 1/500లో ఒకటి తీయండి. తేడా మీకే తెలుస్తుంది. కింద బిందె పెట్టడం మరిచిపోకండి.

చివరిగా ఒక్క మాట. మీ ఇంటి ఆల్బమ్ తిరగేయండి. అందరూ ఉంటారు, ఫోటో తీసిన మీరు తప్ప! సెల్ఫ్ టైమర్ అనేది అందుకే ఉంది. పది సెకన్లకు పెట్టి, ఫోన్‌ను డబ్బాకి ఆనించి, గబగబా వెళ్ళి పాపాయి పక్కన కూర్చోండి. రేపు పెద్దయ్యాక ఆ పాపాయి ముందుగా వెతికేది మిమ్మల్నే.