జావా ప్రోగ్రామ్‌లో ఫైల్ డిలీట్ కావట్లేదా? కారణాలు ఇవీ

ఫిల్మ్ నగర్, జూబ్లీహిల్స్ ప్రాంతాల్లో ఎడిటింగ్, గ్రాఫిక్స్ పనులు జరిగే చోట హార్డ్ డిస్కులు ఇట్టే నిండిపోతుంటాయి. పనికిరాని టెంపరరీ ఫైళ్లను తీసేయడానికి చిన్న జావా ప్రోగ్రామ్ చాలు. మన ఇళ్లలో బీటెక్ చదివే పిల్లలు కూడా రాయగలరు. అయితే చాలామందికి ఒక చిక్కు ఎదురవుతుంది. ప్రోగ్రామ్ ఏ ఎర్రర్ లేకుండా ముగుస్తుంది, ఫైల్ మాత్రం అక్కడే ఉంటుంది.

ఎందుకిలా? పాత 'ఫైల్' క్లాస్‌లోని డిలీట్, పని జరగకపోతే 'ఫాల్స్' అని మాత్రమే చెబుతుంది. కారణం చెప్పదు. 2011లో వచ్చిన జావా 7లో 'ఫైల్స్' అనే కొత్త క్లాస్ ఉంది. దాని డిలీట్ వాడితే, ఎందుకు కుదరలేదో ఎక్సెప్షన్ రూపంలో తెలుస్తుంది. కాబట్టి మొదట చేయాల్సిన మార్పు ఇదే.

సాధారణంగా బయటపడే కారణాలు నాలుగు.

ఫైల్ ఇంకా తెరిచి ఉండటం: విండోస్‌లో ఎక్కువగా వచ్చే సమస్య ఇది. చాలాసార్లు ఫైల్‌ను పట్టుకుని ఉండేది మన ప్రోగ్రామే. చదవడం అయ్యాక క్లోజ్ చేయాలి. 'ట్రై విత్ రిసోర్సెస్' వాడితే అదే క్లోజ్ చేస్తుంది. లినక్స్‌లో అయితే పేరు పోతుంది గానీ, ఫైల్ మూసేదాకా డిస్కులో చోటు ఖాళీ కాదు.

ఫోల్డర్ ఖాళీగా లేకపోవడం: ముందు లోపలి ఫైళ్లు తీసేసి, ఆ తర్వాతే ఫోల్డర్ తీయాలి.

పాత్ తప్పు కావడం: ప్రోగ్రామ్ మీరు అనుకున్న ఫోల్డర్‌లో కాక వేరే చోట వెతుకుతుండవచ్చు. పూర్తి పాత్ ప్రింట్ చేసి చూడండి.

పర్మిషన్ లేకపోవడం: విండోస్‌లో ఫైల్ 'రీడ్ ఓన్లీ'గా ఉందేమో చూడండి. లినక్స్‌లో ఆ ఫైల్ ఉన్న ఫోల్డర్‌పై రాసే అనుమతి ఉండాలి.

ఒక్క జాగ్రత్త మరువొద్దు. ఇలా డిలీట్ చేసినవి రీసైకిల్ బిన్‌కు వెళ్లవు. 1998లో పిక్సార్ స్టూడియోలో ఒక తప్పు డిలీట్ కమాండ్ వల్ల 'టాయ్ స్టోరీ 2' ఫైళ్లు చాలావరకు చెరిగిపోయాయి. బ్యాకప్ కూడా సరిగా పనిచేయలేదు. గేలిన్ సుస్మన్ అనే ఉద్యోగిని ఇంటి నుంచి పని చేయడానికి ఉంచుకున్న కాపీయే ఆ సినిమాను కాపాడింది.

అందుకే ముందు ఏయే ఫైళ్లు పోతాయో లిస్ట్ మాత్రమే ప్రింట్ చేయించండి. అది సరిచూసుకుని, బ్యాకప్ తెరుచుకుంటోందని నిర్ధారించుకున్నాకే డిలీట్ చేయండి. షూటింగ్ ఫుటేజ్ అయినా, ఇంట్లో నికాహ్ వీడియో అయినా పోతే మళ్లీ తీయలేం కదా!