పూతకు వచ్చిన తులసి: ఆకును బట్టి రోగనిర్ణయం

వైద్యుడు నాడిని, నాలుకను, కన్నును పరీక్షించి రోగిలోని దోషాన్ని గుర్తించినట్లే, మొక్కకు వచ్చిన రోగాన్ని ఆకును చూచి గుర్తించవచ్చు. ఇది మన పూర్వులు ఎరిగిన విషయమే. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయాన్నే కేటాయించి, చలి, గాలి, ఎండల వలన చెట్లు రోగగ్రస్తమై ఆకులు పాలిపోతాయని చెప్పాడు. సురపాలుని 'వృక్షాయుర్వేదం' మనుష్యులకు వలెనే వృక్షాలకు కూడ వాత, పిత్త, కఫ దోషాలు కలుగుతాయని, ఆకులు పసుపుబారడం పిత్తలక్షణమని వివరించింది. ఆ గ్రంథానికి ఆంగ్లానువాదం 1996లో సికిందరాబాదు నుండే వెలువడింది.

దగ్గు, జలుబులకు తులసిరసాన్ని సూచించే నాకు తరచు ఎదురయ్యే ప్రశ్న ఒకటున్నది: "కుండీలో తులసి వెన్నులు వేయగానే ఆకులు పండి రాలిపోతున్నాయి. ఆ ఆకు వాడవచ్చునా?" కొందరు దీనిని ఇంటికి అరిష్టమని తలచి కలత చెందుతారు. మరికొందరు గులాబీలకు కొట్టే పురుగుమందు తెచ్చి తులసిపై చల్లుతారు. మొదటిది అపోహ మాత్రమే. రెండవది నిజమైన ప్రమాదం. కొన్ని పురుగుమందులు వేళ్ళ ద్వారా, ఆకుల ద్వారా మొక్క రసంలోనే కలిసిపోతాయి. అటువంటి ఆకును ఎంత కడిగినా విషం పోదు. దానిని పసిపిల్లకు తేనెతో రంగరించి ఇస్తే ఔషధమే అపకారి అవుతుంది. కనుక మందు కంటె ముందు రోగనిర్ణయం అవసరం.

పూత సమయంలో మొక్క తన సారాన్ని గింజల వైపు మళ్ళిస్తుంది. అందువలన అడుగున ఉన్న ముదురు ఆకులు కొన్ని పండి రాలడం సహజం. వెన్నులను లేతగా ఉన్నప్పుడే గిల్లివేస్తే కొత్త చిగుళ్ళు వస్తాయి. విత్తనానికి రెండు మూడు వెన్నులు ఉంచుకొంటే చాలు.

రాలడం ఎక్కువైతే మొదట మట్టిలోనికి వ్రేలిని రెండంగుళాలు దించి చూడండి. మట్టి తడిగా ఉండియు మొక్క వాడుతున్నదంటే వేళ్ళు కుళ్ళుతున్నాయన్నమాట. నీరు ఆపి, కుండీ అడుగు రంధ్రాన్ని శుభ్రపరచాలి. ఇంటిలోపల ఉంచే తులసికి ఈ బాధ ఎక్కువ. ఎండ తగలనిచోట మట్టి త్వరగా ఆరదు. రోజుకు నాలుగైదు గంటల ఎండ తగిలే చోటికి కుండీని మార్చాలి. మొదట్లో పాలు పోయకండి. దీపాన్ని కొమ్మలకు దూరంగా ఉంచండి. ఒక్క ప్రక్కనే ఆకులు మాడితే ఆ సెగే కారణం కావచ్చు.

రెండవది, పసుపురంగు ఎక్కడ మొదలైనదో గమనించండి. అడుగు ఆకులు ఈనెలతో సహా పాలిపోతే అది నత్రజని లోపం. గుప్పెడు పశువుల ఎరువో, వర్మీకంపోస్టో మట్టిలో కలిపితే తీరుతుంది. అడుగు ఆకులలోనే ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్యభాగం పసుపుబారితే మెగ్నీషియం కొరత. లీటరు నీటికి రెండు గ్రాముల ఎప్సమ్ లవణం కరిగించి మొదట్లో పోయవచ్చు. ముదురు ఆకుల అంచులు మాడితే పొటాషియం లోపాన్ని అనుమానించాలి. ఇదే ఈనెల పచ్చదనం పై చిగుళ్ళలో కనిపిస్తే ఇనుము అందడం లేదని అర్థం. బోరునీరు పోసే ఇళ్ళలో కుండీ అంచున తెల్లని పొర పేరుకొనడం మీరు చూచే ఉంటారు. ఆ క్షారగుణం వలన మట్టిలో ఇనుము ఉన్నా మొక్క గ్రహించలేదు. పైమట్టి మార్చి, వీలైనప్పుడు వాననీరు పోయాలి.

మూడవది, ఆకును వెనుకకు త్రిప్పి చూడండి. సన్నని సాలెగూడు, పైన సూదిమొన వంటి తెల్లచుక్కలు ఉంటే ఎర్రనల్లి. ఆకు ముడుచుకొని, వెనుక నల్లని మలబిందువులు ఉంటే జల్లెడవంటి రెక్కలు గల చిన్న రసంపీల్చు పురుగు. దూదివంటి ముద్దలు పిండినల్లి. పైన తుడిస్తే పోయే తెల్లపొడి బూడిద తెగులు.

పురుగు పట్టిన కొమ్మలను కత్తిరించి దూరంగా పారవేసి, ఆకుల వెనుకభాగాన్ని నీటిధారతో కడగడమే తొలి చికిత్స. తగ్గనిచో లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంకాలం చల్లాలి. ఆ తరువాత వచ్చిన కొత్త చిగుళ్ళనే ఔషధానికి వాడండి. వేపనూనె పడిన ఆకును పిల్లలకు, గర్భిణులకు ఇవ్వరాదు.

పోషకలోపం వలన పాలిపోయిన ఆకు విషం కాదు, కాని దానిలో సారం తక్కువ. మచ్చలు, బూజు, పురుగు ఉన్న ఆకును మాత్రం కషాయానికి కోయకండి. ఏ మందు పడినదో తెలియని తులసిని పూజకు ఉంచుకొని, ఔషధానికి వేరొక కుండీలో విత్తనం చల్లుకోవడం ఉత్తమం.