దంతరక్షణ విద్యయు, పరదేశోద్యోగమును

మా పాఠశాలలో చదివి పెద్దచదువులకు వెళ్లిన బాలికల తల్లిదండ్రులు కొంతకాలముగా మమ్ము తరచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. "మా అమ్మాయి పళ్ల డాక్టరు చదువు చదివిందండి. ఆస్ట్రేలియాలోనో కెనడాలోనో హైజీనిస్టు పని దొరుకుతుందంటున్నారు. డబ్బు కట్టమంటారా, మాస్టారూ?" అని వారందురు. దీనికి ఔననిగాని కాదనిగాని యొక్కమాటలో జెప్పుటకు వీలులేదు. అర ఎకరము పొలమో, తల్లి మెడలోని బంగారమో యీ యుత్తరముమీద నాధారపడి యుండును. కావున ఈ విషయమును మొదటినుండి వరుసగా వివరింప బూనితిమి.

మొదట డెంటల్ హైజీనిస్టు అననెవరో తెలిసికొనవలెను. పండ్లపై బట్టిన పాచిని, గట్టిపడిన గారను తీసి, చిగుళ్లను పరీక్షించి, పండ్లు పుచ్చిపోకుండ కాపాడుకొను రీతిని ప్రజలకు బోధించుట వీరి పని. పన్ను పీకుట, పుచ్చును తొలచి నింపుట మొదలగునవి దంతవైద్యుని పనులు. ఈ వృత్తి అమెరికాలో పుట్టినది. 1906లో కనెక్టికట్ రాష్ట్రమందలి బ్రిడ్జిపోర్టు పట్టణమున ఆల్ఫ్రెడ్ ఫోన్స్ అను దంతవైద్యుడు తన సహాయకురాలగు ఐరీన్ న్యూమన్‌కు ఈ పని నేర్పెను. 1913లో ఆయన దీనికొక పాఠశాలనే స్థాపించెను. అందు శిక్షణ పొందిన స్త్రీలు ఆ పట్టణపు బడిపిల్లల పండ్లను శుభ్రపరచుచు, వారికి దంతధావనము నేర్పుచు తమ యుద్యోగము ప్రారంభించిరి. పాఠశాలతో నింత దగ్గర సంబంధముగల వృత్తి గనుక దీనిని మన పిల్లలెరుగుట యుచితమే.

మన దేశమున 1948వ సంవత్సరపు దంతవైద్యుల చట్టము దంతవైద్యులతోపాటు హైజీనిస్టులను గూడ గుర్తించి, వారికి వేరుగా రిజిస్టరు నేర్పరచినది. ఇంటరు తరువాత రెండేండ్ల శిక్షణతో ఈ విద్య ముగియును. ఐనను ఈ కోర్సు చదువువారు మనలో బహు కొద్దిమంది. దంతవైద్యమున బి.డి.ఎస్. చదువువారే యెక్కువ. మన గోదావరి సీమలోనే రాజమహేంద్రవరము చెంత రాజానగరమున జి.ఎస్.ఎల్., లెనోరా కళాశాలలును, అమలాపురమున కోనసీమ కళాశాలయు, భీమవరమున విష్ణు కళాశాలయు ఈ చదువు చెప్పుచున్నవి. అందు నాలుగేండ్ల చదువును, ఒక యేటి ఇంటర్న్‌షిప్పును ముగించుకొని వచ్చిన యువతులు ఇచ్చటి క్లినిక్కులలో దొరకు స్వల్పవేతనము చూచి పరదేశముల వైపు దృష్టి సారించుట వింతకాదు.

ఇక్కడ ముఖ్యమైన భేదమొకటి కలదు. పరదేశమున వృత్తి చేయవలెనన్న రెండు ద్వారములు దాటవలెను. మొదటిది రిజిస్ట్రేషను. నీవు రోగి నోటిలో పరికరము పెట్టుటకు తగుదువో లేదో ఆ దేశపు వృత్తిసంఘము నిర్ణయించును. రెండవది వీసా. నీవు ఆ దేశమున నివసించి పనిచేయవచ్చునో లేదో ప్రభుత్వము నిర్ణయించును. ఒకరి నిర్ణయము మరియొకరిని కట్టిపడవేయదు. వీసా లభించి రిజిస్ట్రేషను లేనివారు అంగడిలోనో వంటశాలలోనో పనిచేయవలసివచ్చును. రిజిస్ట్రేషను లభించి వీసా లేనివారు ఇంటివద్దనే యుందురు. "వీసా మాది పూచీ" యని చెప్పువారు సాధారణముగా మొదటి ద్వారమును గూర్చి మాటలాడరు.

ఆస్ట్రేలియాలో మొదటి ద్వారమునకు ఆస్ట్రేలియన్ డెంటల్ కౌన్సిల్ కావలి. అది పట్టాలను పరిశీలించి, పిమ్మట వ్రాతపరీక్షయు, చేతిపని పరీక్షయు జరుపును. వానిలో గెలిచినవారు ఆ దేశపు డెంటల్ బోర్డునందు పేరు నమోదు చేసికొనవలెను. వీసాలకు వృత్తుల పట్టికలు కలవు. అవి యప్పుడప్పుడు మారుచుండును గావున, దరఖాస్తు పంపునాటి పట్టికనే చూడవలెను. రాష్ట్రప్రభుత్వము నామినేటు చేయు 190 వీసా, పట్టణేతర ప్రాంతములకు సంబంధించిన 491 వీసా మార్కుల పద్ధతిపై నడచును. కనీసము 65 మార్కులు రావలెను. వయస్సు 45 నిండి యుండరాదు. ఇరువదియైదు మొదలు ముప్పదిరెండేండ్ల వయస్సువారికి 30 మార్కులును, ఆంగ్లభాషలో నత్యుత్తమ స్థాయివారికి 20 మార్కులును వచ్చును. రాష్ట్రపు నామినేషనుకు 190లో 5, 491లో 15 కలియును. అరువదియైదు వచ్చినంతమాత్రమున వీసా రాదు, ఆహ్వానము రావలెను. యజమానియే పిలిపించుకొను 482 వీసాకు 2024 డిసెంబరు 7 నుండి క్రొత్తరూప మేర్పడినది. అది నాలుగేండ్ల వరకు ఇయ్యబడును.

కెనడాలో రిజిస్ట్రేషను రాష్ట్రములవారీగా నుండును. ఒక రాష్ట్రపు సంఘము చెప్పినది మరియొక రాష్ట్రమున చెల్లునని యనుకొనరాదు. హైజీనిస్టులకు దేశమంతటికి నొక పరీక్ష కలదు. గుర్తింపులేని కళాశాలలలో చదివినవారిని ఆ పరీక్షకు ముందే మరికొన్ని విధముల బరీక్షింతురు. వీసా విషయమున 2015 నుండి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ యను పద్ధతి యమలులో నున్నది. అందు ఫెడరల్ నైపుణ్య కార్మికుల మార్గమున నూటికి 67 మార్కులు వచ్చినవారికి ప్రవేశార్హత కలుగును. పిమ్మట 1200 మార్కుల వేరొక కొలతపై వరుసక్రమ మేర్పరచి, పైవారిని పిలుతురు. ఉద్యోగపు హామీపత్రమునకు లోగడ మార్కులుండెడివి. 2025 మార్చి 25 నుండి అవి తీసివేయబడినవి. కావున "హామీపత్రము కొనియిత్తుము, మార్కులు పెరుగును" అను మాట నేడు చెల్లదు. అట్టి పత్రము కొనుట ఎప్పుడును నేరమే.

ఇంగ్లండు విషయమున మన పట్టభద్రులు తప్పక యెరుగవలసిన మార్పు కలదు. పూర్వము విదేశములలో దంతవైద్యము చదివినవారు అచ్చటి జనరల్ డెంటల్ కౌన్సిల్ రిజిస్టరులో హైజీనిస్టులుగా, థెరపిస్టులుగా జేరుటకు దరఖాస్తు చేయగలుగుచుండిరి. 2023 మార్చిలో ఆ దారి మూయబడినది. పెద్దపట్టా కలవాడు చిన్నపనికి తప్పక తగునను మన తలంపును ఆ దేశ మంగీకరింపలేదన్నమాట. అమెరికాలోనో, ప్రతి రాష్ట్రమును వేరు లైసెన్సు నిచ్చును; అధిక రాష్ట్రములు తమ దేశపు గుర్తింపుగల కళాశాలలో హైజీను చదివినవారినే చేర్చుకొనును. ఈ పనికి సామాన్యముగా నచ్చట రెండు మూడేండ్ల చదువు చాలును గనుక, బ్యాచిలర్ డిగ్రీ కోరు ఉద్యోగములకై యేర్పడిన హెచ్-1బి వీసా దీనికి లభించుట కష్టము. శాశ్వతనివాసపు మార్గమున భారతీయులు పదియేండ్లకు మించి వేచియుండవలసివచ్చుచున్నది.

మరియొక మార్గము ఆ దేశమునకు విద్యార్థిగా వెళ్లి, హైజీను కోర్సు నచ్చటనే చదువుట. రిజిస్ట్రేషనుకు ఇది తిన్ననిదారి, గాని ఖర్చు మిక్కిలి. చేరబోవు కళాశాల రిజిస్ట్రేషను సంఘముచే గుర్తింపబడినదో లేదో ముందుగా చూచుకొననిచో ఆ ఖర్చంతయు వృథా యగును.

పరదేశయాత్ర మన సీమకు క్రొత్తకాదు. కోరంగి, కాకినాడ రేవులనుండి మనవారు వేలకొలది రంగూనుకు వెళ్లిరి. బర్మాలో తెలుగువారికి కొరంగీలను పేరే స్థిరపడెను. మేస్త్రీ ముందుగా నప్పిచ్చి, ఓడ యెక్కించి, పిమ్మట కూలిలోనుండి విరుచుకొనుచుండెను. 1937 ఏప్రిల్ 1 వరకు బర్మా భారతదేశములోని భాగమే యగుటచేత, 1922 నాటి వలసచట్టపు రక్షణ వారికి వర్తింపలేదు. 1942లో యుద్ధము వచ్చినపుడు కాలినడకను తిరిగివచ్చినవారి కష్టములు మన పల్లెలలో నేటికిని చెప్పుకొందురు. మేస్త్రీ స్థానమున నేడు ఏజెంటు నిలిచియున్నాడు. ఐతే మనకు చట్టమున్నది. 1983 నాటి వలసచట్టము ప్రకారము పరదేశోద్యోగములకు మనుష్యులను పంపు ఏజెంటు ప్రభుత్వమునొద్ద రిజిస్టరు కావలెను. అతడు తీసికొనదగిన రుసుము 30,000 రూపాయలును, దానిపై పన్నును మాత్రమే. ఆ ఏజెంటుల పట్టిక ఈ-మైగ్రేట్ అను ప్రభుత్వపు వెబ్‌సైటులో నెవరైనను చూడవచ్చును. వీసా సలహాలు మాత్రమే చెప్పువారు వేరు. కెనడా, ఆస్ట్రేలియా దేశములలో అట్టివారికి వేరుగా రిజిస్టరులు కలవు. పేరుండినదో లేదో చూచుటకు పైకమక్కరలేదు.

కావున తల్లిదండ్రులకు మా మనవి యిది. మొదట రిజిస్ట్రేషను సంఘమునకు మీ బిడ్డ చేతనే నేరుగా వ్రాయించి, ఆమె పట్టా చెల్లునో లేదో లిఖితపూర్వకముగా తెలిసికొనుడు. ఆ యుత్తరము వచ్చువరకు పొలము నమ్మకుడు, వడ్డీకి తేకుడు. పుచ్చుకొన్న ప్రతి రూపాయికి రసీదు నడుగుడు; రసీదు నియ్యనివానితో పనిలేదు.

విద్యార్థులకు చెప్పవలసినదియు గలదు. ఆంగ్లమునకు వచ్చు మార్కులు ఏజెంటు కొనియిచ్చునవి కావు. మీరు తొమ్మిది, పది తరగతులలో నేర్చు చదువునుండి వచ్చునవి. పదవతరగతి సర్టిఫికేటులో మీ పేరును, ఇంటిపేరును, పుట్టినతేదీని ఇప్పుడే సరిచూచుకొనుడు. ఇంటిపేరునకు బదులు ఒక్క పొడియక్షరము మాత్రమున్న కాగితములు, పాస్‌పోర్టులోని పూర్తిపేరుతో సరిపోక, తరువాత నెలలకొలది ఆలస్యము కలిగించుచున్నవి. పోదలచినవారు ఇట్లు సిద్ధపడి పోవుదురుగాక. ఉండదలచినవారికిని ఇచ్చట పని కొరత లేదు. మా తరగతిగదులలోని పిల్లల పండ్లను చూచినవారెవ్వరును ఈ మాట కాదనరు.