బిళ్ళలోని బొమ్మ, ఇంటిలోని ప్రసారము



మా మధిరలో పెక్కిండ్ల బీరువాలలో పెండ్లి వీడియోల డీవీడీలు కలవు. వానిని ఆడించు ప్లేయర్లు మూలబడినవి. మా యింటి బిళ్ళలో కీర్తిశేషురాలైన మా తల్లిగారి కంఠము కలదు. అందుచే నీ విద్య నేర్చుకొంటిని.

డీవీడీ 1996లో జపానున వెలువడినది. ఒకే పొర గల బిళ్ళలో 4.7 గిగాబైట్లు పట్టును. ఎఱ్ఱని లేసరు కిరణము సోకి తిరిగివచ్చు వెలుగు హెచ్చుతగ్గులను బట్టి యంత్రము బొమ్మను, ధ్వనిని గ్రహించును. స్టూడియోవారు వ్రాసి యిచ్చిన బిళ్ళలలో ఆ గుర్తులు రంగుపూతయందుండును. తాటాకునకు చెదలు వలె ఆ పూతకు ఎండయు, వేడియు శత్రువులు.

కంప్యూటరున డ్రైవు లేకున్న, యూఎస్‌బీ తీగతో తగిలించునది కొనవలెను. ఉచితముగా లభించు వీఎల్‌సీ ప్రోగ్రాము బిళ్ళ నాడించును. చూచుటతో తృప్తిపడక, హ్యాండ్‌బ్రేక్ అను మఱియొక ఉచిత ప్రోగ్రాముతో దానిని ఎంపీ4 ఫైలుగా మార్చి దాచుకొనుడు. పిదప కంప్యూటరున మీడియా సర్వరు నడిపినచో, వైఫై గల టీవీలు పెక్కు దానిని అందుకొనును. ఇందులకు ఇంటర్నెట్టు అక్కఱలేదు. ఇంటి రూటరు చాలును. దీనినే స్ట్రీమింగందురు. సాగరు కాలువ నీరు పాఱుచుండగనే మడి తడిసినట్లు, దృశ్యము వచ్చుచుండగనే చూడగలము.

కొన్న సినిమాల నకళ్ళు ఊరికి పంచుట మాత్రము తగదు. అది పరుల సొత్తు.

మా బిళ్ళ చివరిభాగము చదువబడలేదు. అమ్మ పాడిన అప్పగింతల పాట సగమున నిలిచినది. ముందే పూనుకొన్నచో దక్కెడిదేమో! మీ బీరువాలు నేడే తెఱువుడు. సెలవు.