గులాబీ మచ్చ కోసం ఎదురుచూపు

డాలస్‌లో మా ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టిన కొత్తలో అందులో రాళ్ళు, నీళ్ళు తప్ప ఏమీ కనిపించేవి కావు. అసలు పని అప్పుడే జరుగుతూ ఉండేది. రాళ్ళ రంధ్రాల్లో కాపురం పెట్టిన బాక్టీరియాలో ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా, మరో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ చేపలకు విషం. ఈ వరస కుదరడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకూ ఓపిక పట్టకపోతే చేపల ప్రాణాల మీదికొస్తుంది.

తర్వాత డయాటమ్‌లనే సూక్ష్మ శైవలాల గోధుమరంగు పొర వస్తుంది, పోతుంది. ఆ వెనకే పచ్చనాచు, దాన్ని మేసే నత్తలు.

నాకు ప్రాణమైన దశ ఆ తర్వాతిది. రాళ్ళ మీద, అద్దం మూలల్లో ఊదా, గులాబీ మచ్చలు తేలతాయి. అది కోరలైన్ నాచు. నీటిలోని కాల్షియంతో రాయిలా గట్టిపడుతుంది. సముద్రంలో పగడపు దిబ్బలను అతికించి నిలబెట్టేదీ ఈ జాతే. అది పాకుతోందంటే నీళ్ళు నిలకడకు వచ్చినట్టే.

అప్పుడు తెచ్చాను పగడాలు, ఫారంలో పెంచిన చిన్న ముక్కలు. (ఇండియాలో రాతిపగడాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, అక్కడ ఇంట్లో పెంచే ఆలోచనే వద్దు.) పగడం జంతువే అయినా, దాని ఒంట్లో ఉండే సూక్ష్మ శైవలాలు వెలుతురుతో దానికి తిండి చేసిపెడతాయి. వేడి 25 డిగ్రీల దగ్గర, ఉప్పు లీటరుకు 35 గ్రాముల దగ్గర ఊగిసలాడకుండా ఉండాలి. అందుకే ఆవిరైన మేరకు రోజూ ఉప్పు కలపని ఆర్‌వో నీళ్ళే పోస్తాను. ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టిలోనే ఉంటుంది.